వ.పా. వీణ

కుంపటికి కాస్త ఎడంగా కూకోండర్రా గుంటల్లారా. జీడిపిక్క కాల్తే నూనె సిందుతాది, కంట్లో పడితే శానా మంట.

ఆ గోడ మీద బొమ్మ ఏటని కదా అడిగేరు? పాత చందమామ అట్ట అది. మూలన సూడండి, వ.పా. అని ఉంటాది. వడ్డాది పాపయ్య గారు. పరాయోడు కాదు, 1921లో శ్రీకాకుళంలో పుట్టిన మనిషి. నాన్నగారు రామమూర్తి గారు డ్రాయింగు మేష్టారు. ఈయనా అనకాపల్లిలో పిల్లలకి బొమ్మలు నేర్పిన మేష్టారే. చందమామ అచ్చయ్యీది మద్రాసులో; ఈయన కాపురం మాత్రం కశింకోటలో. పేరొచ్చిందని సొంత జిల్లాల గాలి ఒదులుకోలేదు. అందుకే నాకు ఆయనంటే అంత గౌరవం.

మాకు చందమామ పుస్తకం రావడమే ఒక సంబరం. ఒక్క కాపీ వీధంతా తిరిగీది. అంచులు నలిగిపోయేక అట్ట కోసి, మైదా జిగురు రాసి గోడకి అంటించీవోళ్లం.

ఇప్పుడు ఆ బొమ్మలో వీణ పట్టిన సరస్వతమ్మ సేతులు సూడండి. ఎడమ సేతి సూపుడువేలూ నడిమివేలూ జంటగా తీగ మీద ఆనేయి. వీణ పట్టీవోళ్లు అలగే నొక్కుతారు. వాయిద్యం సేతిలో పెట్టేసి ఊరుకుంటే అలంకారమయ్యీది. ఈయన అమ్మ సేత వాయించేడు.

ఇంక ఆ వీణ కర్ర రంగు. మన కవిటి గుంటలకి అది తెలియాల. పనస! కోసిన రోజున పసుపు ముద్దలాగ ఉంటాది, ఏళ్లు గడిచేకొద్దీ ఎర్రబడి ముదురుతాది. బొబ్బిలి పక్కన గొల్లపల్లిలో సర్వసిద్ధి వారు ఒక్క దుంగలోంచి కుండా దండీ కలిపి తొలుస్తారు, అతుకుండదు. అదే ఏకాండి వీణ. మృదంగానికీ పనస కర్రే. మనం తొనలు తిని, పిక్కలు కూరొండుకొని, కర్రతో తలుపులు సేయించుకున్నాం. ఆ సెట్టు పాడతాదని నాకు తెలిసింది ఈ బొమ్మ వల్లే. బొమ్మ సూసేకే ఆ వీణ ఏ కర్రని మా నాన్ననడిగేను.

2018లో తిత్లీ తుపాను వచ్చినప్పుడు మన ఉద్దానంలో కొబ్బరితోపాటు పనసలూ కూలిపోయేయి కదా. ముదురు మానులు కూడా కట్టెల రేటుకి పోయేయి. నా పేణం ఉసూరుమంది. మానుకి పాతికేళ్లో ముప్పయ్యేళ్లో పడతాది బాబూ, పొయ్యిలో పెట్టడానికి పూట సాలు.

పాపయ్య గారు 1992లో పోయేరు. ఆయన బొమ్మలేసిన ‘యువ’ పత్రికలు అటక మీద పెట్టెలో ఉన్నాయి. రేపు దింపండి. వీణ కనబడ్డ సోటల్లా వేళ్లు ఎక్కడున్నాయో సూసి నాకు సెప్పండి, నా కళ్లకి ఇప్పుడు ఆనడం లేదు.