కత్తెర లేని కత్తిరింపు

"అమ్మా, చిల్లు ఏదీ? తెల్ల బిళ్ళ పడిందేమిటి!" అని మా అమ్మాయి ఒకటే గోల.

గృహప్రవేశానికి పంచే పసుపు సంచుల మీద అచ్చు వేయించడానికి కంప్యూటర్లో తామరపువ్వు గీసింది. మధ్యలో తెల్లటి గుండ్రం పెట్టి అదే చిల్లు అనుకుంది. తెల్ల కాగితం మీద అలాగే కనిపించింది కూడాను. తీరా గుడ్డ మీద అచ్చయ్యాక బండారం బయటపడింది.

పక్కింటి కుర్రాడొచ్చి గుట్టు విప్పాడు. పువ్వు కింద, గుండ్రం పైన ఉంచి, రెండింటినీ ఎంచుకుని 'డిఫరెన్స్' అనాలిట. పూరీపిండి మీద మూత బోర్లించి నొక్కినట్టు, పైది కిందిదాన్ని కోసి తనూ మాయమవుతుంది. ముందే ఒక నకలు పక్కన దాచుకోవాలి సుమండీ! రెండింటినీ కలపాలంటే 'యూనియన్', ఉమ్మడి భాగమే మిగలాలంటే 'ఇంటర్‌సెక్షన్'.

"వీటిని బూలియన్ ఆపరేషన్లంటారు ఆంటీ" అని వెళ్ళిపోయాడు.

చరిత్ర బి.ఎ. చదివినదాన్ని. పేరు వినపడితే ఊరుకోగలనా?

జార్జ్ బూల్ 1815లో ఇంగ్లండులోని లింకన్‌లో, చెప్పులు కుట్టే ఇంట పుట్టాడు. చాలామటుకు స్వయంగానే చదువుకుని, 1849లో ఐర్లండులోని కార్క్‌లో గణితాచార్యుడయ్యాడు. 'ఇదీ అదీ', 'ఇదో అదో', 'ఇది కానిది' అంటూ మనం ఆలోచించే తీరును లెక్కల్లోకి దించి 1854లో గ్రంథం రాశాడు. 'పువ్వులో ఉండి గుండ్రంలో లేనిది' అన్నదేగా మా అమ్మాయికి కావలసిన చిల్లు!

1855లో ఆయన మేరీ ఎవరెస్టును పెళ్ళాడాడు. మన దేశాన్ని సర్వే చేసి, శిఖరానికి తన పేరు మిగిల్చిన జార్జ్ ఎవరెస్టుకు ఆమె సోదరుని కూతురు. 1864లో బూల్ వానలో నడిచివెళ్ళి, తడిబట్టలతోనే పాఠం చెప్పి జబ్బుపడ్డాడు. డిసెంబరులో పోయాడు. మేరీకి అప్పటికి 32 ఏళ్ళు. ఐదుగురూ ఆడపిల్లలే. చివరిదానికి ఏడాదైనా నిండలేదు.

ఆవిడ కుంగిపోలేదు. లండన్ చేరి ఒక మహిళా కళాశాలలో లైబ్రేరియన్ అయింది. పిల్లలకు లెక్కలంటే భయం పోవాలని అట్టముక్కలకు చిల్లులు వేసి, ఈ అంచు నుంచి ఆ అంచుకు తిన్నగా దారం కుట్టించింది. కుట్టినవన్నీ తిన్నటి గీతలే, కాని వాటి అంచున చక్కటి వంపు తేలుతుంది.

దాదాపు నూరేళ్ళ తర్వాత ఫ్రాన్సులో కార్ల కంపెనీల ఇంజనీర్లు ఇద్దరు, సిట్రోయెన్‌లో ద కాస్తెల్జో, రెనోలో బెజియే, కార్ల ఒంపులను లెక్కకట్టే దారి వెతికారు. 1987లో వచ్చిన ఇలస్ట్రేటర్‌లోనూ, నేటి డ్రాయింగ్ సాఫ్ట్‌వేర్లలోనూ గీసేది ఆ బెజియే వంపులే. వాటిలో అతి సులువైనది సరిగ్గా మేరీ దారాల అంచున తేలే వంపే! ఆవిడను చూసి వాళ్ళు నేర్చుకున్నారని కాదు నేననేది. వాళ్ళ వంపుకు పేరుంది, భర్త కత్తిరింపుకు పేరుంది, ఆవిడ దారం మాత్రం కుట్టుపని కింద జమ అయిపోయింది.

నా సంగతే చెబుతాను. చిన్నప్పుడు క్రాఫ్టు పీరియడులో మేకులకు దారం చుట్టి నెమలిపింఛం చేశాను. టీచరు గోడకు తగిలించారు. తర్వాతి పీరియడు లెక్కలు, నాకు 35 మార్కులు. "నీకు లెక్కలు రావులే" అన్నారు, నమ్మేశాను. గోడమీది పింఛం కూడా లెక్కేనని ఎవరూ చెప్పలేదు.

అన్నట్టు, మేరీ కూతుళ్ళలో అలీషియా కాలేజీ గడప తొక్కకుండానే నాలుగో పరిమాణపు ఆకారాలను అట్టలతో చేసి చూపింది. 1914లో గ్రోనింగెన్ విశ్వవిద్యాలయం ఆమెకు గౌరవ డాక్టరేటు ఇచ్చింది. చివరి పిల్ల ఎథెల్ నవలా రచయిత్రి అయింది. నాకు కాస్త ధైర్యం వచ్చింది!

సంచులు మళ్ళీ అచ్చయి వచ్చాయి. ఈసారి పువ్వు మధ్యలోంచి పసుపు గుడ్డ నవ్వింది. రాత్రి లెక్కల హోంవర్కు ముందు మొహం ముడుచుకు కూర్చున్న మా అమ్మాయి చేతికి ఒక అట్టముక్క, సూదీ దారం ఇచ్చాను.

"ఇదేమిటమ్మా, కుట్టా?" అంది.

"లెక్కే, కుట్టి చూడు" అన్నాను.