యంత్రం చూపు ఆగే చోట

నాటి చిత్తూరు జిల్లా కాటూరులో జన్మించిన రాజ్ రెడ్డి 1966లో స్టాన్‌ఫర్డ్‌లో జాన్ మెకార్తీ శిష్యుడిగా డాక్టరేట్ పొందారు. కృత్రిమ మేధకు ఆ పేరు పెట్టిన ఈ గురువే రెండేళ్ల తరువాత ఒక పందెం కాశారు. పదేళ్ల లోపు తనను చదరంగంలో ఓడించే కంప్యూటర్ రాదని స్కాట్లాండ్ విజేత డేవిడ్ లెవీ సవాలు విసరగా, వస్తుందని మెకార్తీ వాదించారు. 1978లో టొరంటోలో చెస్ 4.7 అనే ప్రోగ్రామును 3.5–1.5తో ఓడించి లెవీ పందెం గెలిచారు.

లెవీ వ్యూహంలో మెరుపులేమీ లేవు. దాడికి తొందరపడక, బంటులతో ఆటను బిగించి, యంత్రం తనంతట తాను తడబడేదాకా నిరీక్షించడమే ఆయన పద్ధతి. లెక్కించడానికి ఏమీ లేని చోట యంత్రానికి ఏమీ తోచేది కాదు. అంతకన్నా విచిత్రమైన లోపాన్ని హాన్స్ బెర్లినర్ 1973లోనే పట్టుకుని, దానికి దిగంత ప్రభావమని పేరు పెట్టారు. యంత్రం కొన్ని ఎత్తుల దూరమే చూడగలదు. తప్పని నష్టం ఎదురైనప్పుడు చిన్న పావులను బలి ఇస్తూ, ఆ నష్టాన్ని తన చూపు ఆనని దూరానికి నెట్టి, గండం గడిచిందనుకుంటుంది. ఎన్నికల ముందు ప్రభుత్వాలు అప్పులతో చేసే పనీ ఇదే. గండం గడవలేదని వాటికి మాత్రం తెలుసు.

బెర్లినర్ పరిశోధనలు సాగినది కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయంలో. రాజ్ రెడ్డి రోబోటిక్స్ సంస్థను నడిపినదీ, విద్యార్థులు డీప్ థాట్‌ను నిర్మించినదీ అక్కడే. 1988లో గ్రాండ్‌మాస్టర్ బెంట్ లార్సెన్‌ను ఓడించిన ఆ యంత్రం మరుసటి ఏడాది న్యూయార్క్‌లో గ్యారీ కాస్పరోవ్ ముందు రెండు ఆటలూ పోగొట్టుకుంది. దాని వారసుడు డీప్ బ్లూ 1996లో ఫిలడెల్ఫియాలో తొలి ఆట గెలిచి సంచలనం సృష్టించింది. కాని ఆరో ఆటలో కాస్పరోవ్ బంటులను నడిపి, దాని ఏనుగునూ శకటునూ మూలనే బంధించారు. పావులు లెక్కకు ఉన్నాయి; కదలడానికి చోటు లేదు. పోటీ 4–2తో ముగిసింది.

1997లో యంత్రం 3.5–2.5తో గెలిచింది. సెకనుకు 20 కోట్ల స్థితులను పరిశీలించే వేగం అందరికీ గుర్తుంది. స్థితుల మంచిచెడులను అంచనా కట్టే సూత్రాలకు మెరుగు దిద్దడంలో తోడ్పడిన గ్రాండ్‌మాస్టర్ జోయెల్ బెంజమిన్ అంతగా గుర్తులేరు. మనిషి ఓడాడన్న మాట సగమే నిజం.

పాత లోపమూ వెంటనే పోలేదు. 2003లో న్యూయార్క్‌లో మూడో ఆటలో కాస్పరోవ్ బంటుల గోడ కట్టగానే, ఎక్స్‌3డి ఫ్రిట్జ్ పావులను అటూ ఇటూ తిప్పుతూ ఓడిపోయింది. మూడేళ్లకు బాన్‌లో లోపం మనిషి వైపు బయటపడింది. ప్రపంచ విజేత వ్లాదిమిర్ క్రామ్నిక్, డీప్ ఫ్రిట్జ్‌తో రెండో ఆటలో, ఒక్క ఎత్తులో పడబోయే ఆటకట్టును చూడలేదు.