సంగ్రహణి నుంచి కాన్సర్ మందు దాకా

యల్లాప్రగడ సుబ్బారావుగారి బొమ్మతో 1995లో తపాలా బిళ్ల వచ్చింది. ఆ బిళ్ల చూసినవారిలో చాలామందికి ఆయన జీవితాన్ని నడిపిన జబ్బు సంగతి తెలియదు. అది సంగ్రహణి. డాక్టర్లు స్ప్రూ అంటారు. తిన్నది ఒంటబట్టదు, విరేచనాలు ఆగవు, నోరు పూస్తుంది, రక్తం తగ్గి మనిషి చిక్కి శల్యమవుతాడు. 1895లో భీమవరంలో పుట్టిన సుబ్బారావుగారి అన్ననూ తమ్ముణ్ణీ ఈ జబ్బే కొద్ది రోజుల తేడాలో పొట్టన పెట్టుకుంది. తరువాత ఆయనకూ వచ్చింది. మద్రాసులో ఆచంట లక్ష్మీపతిగారి ఆయుర్వేద వైద్యంతో బయటపడ్డారు.

1923లో ఆయన అమెరికా వెళ్లి హార్వర్డ్‌లో చేరారు. 1940లో లెడర్లీ కంపెనీ పరిశోధనశాలకు మారారు. సంగ్రహణి రోగులకు కాలేయపు సారం ఇస్తే గుణం కనిపించేది. అందులో పనిచేసే పదార్థమేదో తేల్చాలి. ఇందుకు అక్కరకు వచ్చింది లాక్టోబాసిల్లస్ కేసీ అనే సూక్ష్మజీవి, పాలను పులియబెట్టే జాతిది. తనకు కావలసిన ఫోలిక్ ఆసిడ్‌ను అది తయారు చేసుకోలేదు, బయట నుంచి అందితేనే పెరుగుతుంది. కనుక ఏ సీసాలో అది పెరిగితే ఆ సీసాలో సరుకు ఉన్నట్లే. మన ఆడిట్ వారి తనిఖీ కూడా ఇంత నిక్కచ్చిగా ఉండదు! 1945 నాటికి సుబ్బారావుగారి బృందం ఫోలిక్ ఆసిడ్‌ను కృత్రిమంగా తయారు చేసింది. సంగ్రహణి రోగులు దానితో తేరుకున్నారు.

ఆ రోజుల్లో బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ అనే డాక్టరు రక్త కాన్సర్ పిల్లలకు ఈ జాతి పదార్థాలు ఇచ్చి చూశారు. జబ్బు తగ్గకపోగా మరింత వేగం పుంజుకున్నట్లు ఆయనకు అనిపించింది. అయితే దీనికి విరోధి పదార్థం ఇస్తే? లెడర్లీ వారు తయారు చేసిన అమినోప్టెరిన్ అలాంటిదే. 1948 జూన్‌లో అచ్చయిన నివేదిక ప్రకారం 16 మంది పిల్లల్లో 10 మందికి గుణం కనిపించింది. అది తాత్కాలికమే, జబ్బు తిరగబెట్టింది. కానీ అంతవరకు ఆ పిల్లలకు మందన్నదే లేదు. ఆ ఆగస్టు 8న సుబ్బారావుగారు తన 53వ ఏట కన్నుమూశారు.

అమినోప్టెరిన్‌కు తోబుట్టువు మెథోట్రెక్సేట్. కాన్సర్‌కే కాదు, కీళ్లవాతానికీ వాడుతున్నారు, మన సభ్యుల్లో కూడా. ఇది వేగంగా పెరిగే కణాల మీద దెబ్బ కొడుతుంది. పేగు లోపలి పొర కొద్ది రోజులకోసారి కొత్తదవుతుంది కనుక ఆ దెబ్బ దానికీ తగులుతుంది. అందుకే కీళ్లవాతం చీటీలో విరోధి అయిన ఫోలిక్ ఆసిడ్‌ను కూడా రాస్తారు. కీళ్లవాతానికి మెథోట్రెక్సేట్ వారానికి ఒక్కసారే, పొరపాటున రోజూ వేసుకుంటే ప్రాణాంతకం. ఇంట్లో మందులిచ్చే పిల్లలకు కూడా ఈ సంగతి తెలిసి ఉండాలి.

ఇక సంగ్రహణి. పేగులో సూక్ష్మజీవులు మితిమీరడానికీ దానికీ సంబంధం ఉందని తరువాత తెలిసింది. ఇప్పటి చికిత్స ఫోలిక్ ఆసిడ్, టెట్రాసైక్లిన్ కలిపి నెలల తరబడి ఇవ్వడం. టెట్రాసైక్లిన్ జాతిలో మొదటిదైన ఆరియోమైసిన్ కూడా 1948లో ఆ లెడర్లీ నుంచే వచ్చింది. అన్నదమ్ములకు అందని రెండు మందులకూ మూలం ఆయన పనిచేసిన చోటే.

అయితే పేగులోని జీవులన్నీ శత్రువులు కావు. శరీరపు రక్షణశక్తిని లేపి కాన్సర్ మీదికి పంపే కొత్త వైద్యం అందరికీ ఒకేలా పనిచేయదు. ఆ తేడాకు పేగులోని సూక్ష్మజీవులతో సంబంధం ఉన్నట్లు 2018లో అమెరికా, ఫ్రాన్స్ పరిశోధకులు ప్రకటించారు. చికిత్సకు ముందూ వెనుకా యాంటీబయాటిక్స్ వాడిన రోగులకు ఫలితం తక్కువగా ఉందని ఫ్రాన్స్ వారు గమనించారు. ఏ జీవిని ఎంత ఇవ్వాలన్నది ఇంకా పరిశోధనలోనే ఉంది.