రాష్ట్రధ్వజము – దాని చిహ్నములు

కణేకల్లు నేఁడు అనంతపురము జిల్లాలోనిది. 1953వ సంవత్సరము వఱకు రాయదుర్గము తాలూకాతోఁ గూడ బళ్లారి జిల్లాలో నుండెను. ఆ యేఁట అక్టోబరు 1వ తేదిని ఆంధ్రరాష్ట్ర మేర్పడఁగా, ఆలూరు, ఆదవాని, రాయదుర్గము తాలూకాలు ఆంధ్రమునఁ జేరెను. బళ్లారి మైసూరునకుఁ బోయెను. వేదవతి మాత్రము, నీరు గల యేండ్లలో, పూర్వమువలెనే మా సీమనుండి బళ్లారి సీమకుఁ బాఱుచున్నది. ఇట్టి సరిహద్దున వసించు దేవాంగులము గనుక, పొరుగువారి రాష్ట్రధ్వజమును గూర్చి విచారించుట మాకు అప్రస్తుతము కాదు. మన కులమునకును ఒక ధ్వజము కావలెనని సోదరులు కొందఱు కోరుచున్న యీ తరుణమున నది మఱింత యావశ్యకము.

కన్నడధ్వజమునకు రెండు పట్టెలు: పైది పసుపు, క్రిందిది ఎఱుపు. 1960వ దశాబ్దమున మ. రామమూర్తిగారు దీనిని గల్పించిరి. పసుపుకుంకుమలు ఆ వర్ణములకు మూలము. కర్ణాటక రాజ్యోత్సవమైన నవంబరు 1వ తేదిని అచటి వీథులలో నిది యెగురును. 1956లో మైసూరు రాష్ట్రము విస్తరించినదియు, ఆంధ్రప్రదేశము పుట్టినదియు ఆ దినముననే. 2018 మార్చి 8వ తేదిని ముఖ్యమంత్రి సిద్ధరామయ్యగారు, నడుమ తెల్లపట్టెయు, అందు గండభేరుండముతోఁ గూడిన రాజ్యచిహ్నమును గల క్రొత్తధ్వజమును బ్రకటించి, దానికిఁ గేంద్రప్రభుత్వము సమ్మతి యీయవలెనని కోరిరి. పసుపు క్షమను, తెలుపు శాంతిని, ఎఱుపు శౌర్యమును దెలుపునని వివరణము.

ఈ చిహ్నములలో మనకుఁ గానిది యేది? పసుపుకుంకుమలు లేని గడప తెలుఁగునాట నున్నదా? మన చౌడేశ్వరీదేవి పూజ అవి లేక జరుగునా? గండభేరుండము మైసూరు ఒడయరుల లాంఛనమే. అయినను అంతకుముందే విజయనగరప్రభువగు అచ్యుతదేవరాయల (1529–1542) నాణెములపై నది కలదు. ఆ రాయల యేలుబడిలోనిదే మన సీమయు. కావున ఈ ధ్వజమున నున్న వస్తువు లుభయులవి. వేఱు చేయునది వస్తువు గాదు, దానికి మనము చెప్పు నర్థము.

అర్థమువలనఁ గలుగు చిక్కునకు జాతీయధ్వజచరిత్రమే నిదర్శనము. 1921లో బెజవాడ సభాసమయమున పింగళి వెంకయ్యగారు గాంధీమహాత్మునకుఁ జూపిన ధ్వజమున ఎఱుపు హిందువులకును, ఆకుపచ్చ మహమ్మదీయులకును గుర్తులు. తక్కిన మతములవారికై తెలుపును, రాటమును జేర్పవలెనని మహాత్ముఁడు సూచించెను. రంగులను మతములకుఁ బంచఁగా మా కేదియని యడుగువారు పెరిగిరి. అందుచేత 1931లో కాంగ్రెసు కాషాయ, శ్వేత, హరితవర్ణములను స్వీకరించి, వానికి మతపరమైన యర్థము లేదని స్పష్టముగాఁ జాటెను. 1947 జూలై 22వ తేదిని రాజ్యాంగసభ రాటమునకు మాఱుగా అశోకుని ధర్మచక్రము నుంచెను.

సోదరులారా! మనలోఁ గొందఱి యిండ్లలోఁ దెలుఁగు, కొందఱి యిండ్లలోఁ గన్నడము. కులవృత్తి మాత్రము నేఁతయే. సంఘధ్వజమును నిర్ణయించునప్పుడు ఉపశాఖ కొక రంగు, భాష కొక రంగు పంచిపెట్టవలదని మా మనవి. అందఱ చేతికిని దెలిసిన మగ్గము నొక్కదానినే చిహ్నముగా నుంచి, ఆ గుడ్డను మన నేఁతగాండ్రచేతనే నేయించి, సరిహద్దున కీవలను ఆవలను ఒక్కతీరుగా నెత్తుదుము గాక.