బడిలో మత స్వేచ్ఛ: పిల్లలకు చెప్పాల్సిన ఒక కేసు

రాజ్యాంగం అంటే చాలామంది పిల్లలకు పరీక్షలో రాసే పాఠమే. ప్రవేశిక బట్టీ పట్టిస్తారు గానీ, అది తమకెలా పనికొస్తుందో చెప్పరు. అది అర్థం కావాలంటే కేరళ కేసు ఒక్కటి చెబితే చాలు.

1985లో అక్కడి ఒక బడిలో ముగ్గురు తోబుట్టువులు జాతీయ గీతం వస్తుంటే లేచి నిలబడేవారు, పాడేవారు కాదు. వాళ్లది యెహోవా సాక్షులనే చిన్న క్రైస్తవ శాఖ. పాడటానికి తమ విశ్వాసం ఒప్పుకోదన్నారు. బడి నుంచి తీసేశారు. హైకోర్టులోనూ ఓడిపోయారు. 1986 ఆగస్టు 11న సుప్రీంకోర్టు మాత్రం వాళ్లను తిరిగి చేర్చుకోమంది. తీర్పు రాసింది మన తెలుగువారే, జస్టిస్ ఓ. చిన్నప్పరెడ్డి. గౌరవంగా నిలబడ్డవారు పాడనంత మాత్రాన గీతాన్ని అవమానించినట్టు కాదని, వాళ్లను తీసేయడం 19(1)(ఎ), 25 అధికరణలకు విరుద్ధమని కోర్టు తేల్చింది. అంటే భావప్రకటన, మత స్వేచ్ఛలు. "మరి నిలబడకపోయి ఉంటే?" అని పిల్లలు అడుగుతారు. జాతీయ గీతాన్ని గౌరవించడం 51ఎ ప్రకారం పౌరుల విధి అని అప్పుడే చెప్పొచ్చు.

ఇళ్లలో ఎక్కువగా అక్కరకొచ్చేది 28(3). ప్రభుత్వ గుర్తింపు లేదా సాయం ఉన్న బడిలో మతబోధనకు, ప్రార్థనకు ఎవరినీ బలవంతపెట్టకూడదు. పిల్లలు మైనర్లైతే సంరక్షకుల సమ్మతి తప్పనిసరి. ముస్లిం యాజమాన్యం బడిలో చదివే హిందూ పిల్లాడికీ ఇదే రక్షణ. ఈ సంగతి మన పిల్లలకు ముందే చెప్పాలి. అడ్మిషన్ ఫారంలో అలాంటి సమ్మతి ఉందేమో చూసుకున్నాకే అమ్మీ అబ్బా సంతకం పెట్టాలి.