కంప్యూటర్ పుట్టకముందే నమోదైన తప్పులు

తెనాలిలో మా బాబాయి ఇంట్లో ఉన్న కంప్యూటర్‌ను 2004 జూన్‌లో కొన్నారు. బిల్లు ఉంది. స్విచ్ వేశాక అది పనికి సిద్ధం కావడానికి ఏడు నిమిషాలు దాటుతుంది. అందులో ఉన్నది విండోస్ ఎక్స్‌పీ. ఎక్స్‌పీని తయారు చేసినప్పుడు మామూలు ఇంటి కంప్యూటర్‌కు పెట్టుకున్న లక్ష్యం 30 సెకన్లు. మిగతా ఆరున్నర నిమిషాలు ఎక్కడికి పోతున్నాయన్నదే ప్రశ్న.

కొత్తది కొనుక్కోవచ్చు కదా అంటారు. బాబాయి ఇంట్లోనే డీటీపీ చేసేవాడు. శుభలేఖలు, కరపత్రాలు, చిన్న చిన్న పుస్తకాలు. అన్నీ పేజ్‌మేకర్ 7లో, అను ఫాంట్లలో చేసినవే. ఆ ఫాంట్లు యూనికోడ్‌వి కావు. అందులోని తెలుగును కొత్త కంప్యూటర్‌లోకి కాపీ చేస్తే ఇంగ్లిషు అక్షరాలు, గుర్తులు కలగలిసి కనిపిస్తాయి. పాత శుభలేఖలో పేర్లు మార్చి ఇవ్వమని ఎవరైనా వస్తే ఇప్పటికీ ఈ యంత్రమే దిక్కు. "ముందు స్విచ్ వేసి, తర్వాత పాలు పొయ్యి మీద పెట్టరా. కాఫీ అయ్యేసరికి లేస్తుంది" అన్నాడు బాబాయి.

బిల్లు కాకుండా బీరువాలో నాలుగు రిపేరు చీటీలు దొరికాయి. 2007 చీటీలో డీవీడీ రైటర్ బిగించినట్టు ఉంది. 2008ది ఫార్మాట్, ఓఎస్ లోడింగ్. 2009ది ఐడీఈ కేబుల్ ఒకటి, సెల్ ఒకటి. 2010లో 256 ఎంబీ ర్యామ్ అదనంగా వేశారు. ఏం చేశారో ప్రతి చీటీలోనూ ఉంది. ఎందుకు చేశారో ఒక్కదానిలోనూ లేదు.

నోటి సాక్ష్యాలు రెండు. ఫార్మాట్ చేశాక కొన్ని వారాలు బాగుందనీ, మళ్ళీ మొదటికొచ్చిందనీ, కేబుల్ మార్చినా లాభం లేకపోయిందనీ బాబాయి చెప్పాడు. డీవీడీ పెట్టించినప్పటి నుంచే ఈ జబ్బు అని పిన్ని చెప్పింది. ఈ రెండూ ఒకదానికొకటి అడ్డం రావు. అయినా కాగితంతో సరిచూసుకునే వరకు రెండింటినీ పక్కన పెట్టాను.

మొదటి అనుమానం అందరికీ వచ్చేదే: లేవగానే తమంతట తాము మొదలయ్యే ప్రోగ్రాములు, వైరస్. ఎక్స్‌పీకి మద్దతు 2014 ఏప్రిల్ 8తో ఆగిపోయింది. అంతకు ముందే ఈ కంప్యూటర్‌కు ఇంటర్నెట్ తీసేశారు. స్టార్టప్ జాబితాలో ఉన్నవన్నీ ఆపి చూశాను. తేడా లేదు. సేఫ్ మోడ్‌లో లేపాను. అందులో అత్యవసరమైన డ్రైవర్లు తప్ప ఏవీ ఎక్కవు. అక్కడా అదే నత్తనడక. లాగిన్ తెరకంటే ముందే, నల్ల తెర మీద నీలం గడులు కదిలే చోటే ఎక్కువ కాలం పోతోంది. స్టార్టప్ ప్రోగ్రాములు మొదలయ్యేది లాగిన్ తర్వాత. ఆ అనుమానం అక్కడితో పోయింది.

ప్రిఫెచ్ ఫోల్డర్ ఖాళీ చేస్తే వేగం పెరుగుతుందని ఎవరో ఎప్పుడో బాబాయికి చెప్పారట. ఆ ఫోల్డర్‌లో ఉండేవి లేవడాన్ని తొందరపెట్టడానికి ఎక్స్‌పీ తానే రాసి పెట్టుకునే జాబితాలు. వాటిని చెరిపితే తర్వాతిసారి ఇంకా ఆలస్యమవుతుంది. ఈ సలహా మీద ఇంతకంటే కాలం పెట్టలేదు.

ర్యామ్ సంగతి 2010 చీటీయే తేల్చింది. 256 ఎంబీ 512 అయింది, నడక మారలేదు. టాస్క్ మేనేజర్‌లో చూసినా వాడుతున్న మెమరీ ఉన్న మెమరీకి లోబడే ఉంది.

తర్వాత హార్డ్ డిస్క్. ఇంత పాత డిస్కు అరిగిపోయి ఉంటుందనుకోవడం తేలిక. కానీ డిస్కు తన ఆరోగ్యాన్ని తానే రాసుకుంటుంది. స్మార్ట్ అనే ఆ పట్టికలో 5వ అంశం, పాడై వేరే చోటికి మార్చిన సెక్టార్ల సంఖ్య. 197వది, పాడయ్యాయేమోనని అనుమానంలో పెట్టినవి. రెండూ సున్నా. 199వది మాత్రం సున్నా కాదు. అది సీఆర్‌సీ తప్పుల లెక్క. డిస్కుకూ మదర్‌బోర్డుకూ మధ్య దారిలో డేటా చెడిపోయిన ప్రతిసారీ అది ఒకటి పెరుగుతుంది. పళ్ళెం మీద అరుగుదలతో దానికి సంబంధం లేదు. ఆ అంకెను రాసుకుని, పెద్ద పెద్ద ఫైళ్లు కాపీ చేసి మళ్ళీ చూశాను. కదల్లేదు. అంటే దారిలో తప్పులు ఒకప్పుడు జరిగాయి, ఇప్పుడు జరగడం లేదు. మరి ఇప్పుడెందుకు నెమ్మది?

దీనికి జవాబు కాపీ జరుగుతున్నప్పుడే కనిపించింది. టాస్క్ మేనేజర్‌లో కెర్నల్ టైమ్స్ చూపించమంటే ఎర్ర గీత ఒకటి వస్తుంది. ఫైలు కాపీ అవుతున్నంతసేపూ ఆ గీత పైకప్పుకు అంటుకుని ఉంది. డిస్కే నెమ్మదైతే ప్రాసెసర్ ఖాళీగా కూర్చుని ఎదురుచూడాలి. ఇక్కడ ప్రాసెసర్‌కే ఊపిరాడడం లేదు. డీవీడీ రైటర్ నుంచి డేటా చదివించినప్పుడు మాత్రం ఎర్ర గీత కిందే ఉంది. రైటర్ ఉన్నది రెండో ఐడీఈ ఛానల్ మీద. డిస్కు మొదటి దాని మీద. జబ్బు మొదటి ఛానల్‌ది.

డివైస్ మేనేజర్‌లో ప్రైమరీ ఐడీఈ ఛానల్ తెరిస్తే రెండు వరుసలు ఉన్నాయి. ట్రాన్స్‌ఫర్ మోడ్ అన్న చోట, వీలుంటే డీఎంఏ వాడమన్న ఆదేశం. దాని కిందే కరెంట్ ట్రాన్స్‌ఫర్ మోడ్ అన్న చోట పీఐఓ. ఆదేశం ఒకటి, అమలు ఒకటి. డీఎంఏ అంటే డిస్కు నుంచి వచ్చే డేటాను కంట్రోలరే నేరుగా మెమరీలో పెట్టడం. పీఐఓ అంటే ప్రాసెసరే రెండేసి బైట్ల చొప్పున చదివి మోయడం. హమాలీలు ఉండగా షావుకారే బస్తాలు మోస్తే కొట్టు ఎలా నడుస్తుందో ఇదీ అలాగే నడుస్తుంది. ఈ డిస్కుకు తగిన అల్ట్రా డీఎంఏ మోడ్ 5 గరిష్ఠ వేగం సెకనుకు 100 ఎంబీ. పీఐఓలో అన్నిటికంటే వేగమైన మోడ్ 4ది 16.7. చేతికి అందేది అందులోనూ కొంతే.

ఇక్కడ ఒక పక్కదారి ఉంది. 2009లో పెట్టిన కేబుల్ తప్పు రకం కావచ్చు కదా? ఐడీఈ కేబుళ్లలో 40 తీగలవీ 80 తీగలవీ ఉంటాయి. పిన్నులు రెండింటికీ 40కి మించవు. అదనపు 40 తీగలు గ్రౌండ్ కోసం. 33 ఎంబీ దాటాలంటే 80 తీగలది తప్పనిసరి. సీపీయూ విప్పి చూశాను. ఉన్నది సన్న తీగల కేబులే, బోర్డు వైపు నీలం కనెక్టర్‌తో సరిగ్గానే బిగించి ఉంది. పైగా 40 తీగల కేబుల్ ఉన్నా 33 దగ్గర ఆగాలి తప్ప పీఐఓకు పడిపోకూడదు. ఈ దారి మూసుకుంది.

పీఐఓకు ఎప్పుడు పడిందో చెప్పగలిగేది సిస్టమ్ లాగ్ ఒక్కటే. ఎక్స్‌పీలో ఆ లాగ్ మామూలు పరిమాణం 512 కేబీ. నిండితే పాతవాటి మీద కొత్తవి రాసుకుంటుంది. అందుకే ఏళ్ల నాటి నమోదులు దొరుకుతాయని ఆశ పెట్టుకోలేదు. దొరికాయి. దేని మీదా తిరిగి రాయకూడదన్న చోట ఎవరో టిక్ పెట్టారు. లాగ్ 2010లో నిండి అక్కడే గడ్డకట్టింది. సిస్టమ్ లాగ్ నిండిందన్న నోటీసు ఆనాటి నుంచీ వస్తూనే ఉంది. బాబాయి ఓకే నొక్కుతూనే ఉన్నాడు. ఆ టిక్ ఎవరు పెట్టారో, ఎందుకు పెట్టారో ఏ కాగితమూ చెప్పదు. ఈ కథ తేలింది మాత్రం దాని వల్లే.

లాగ్‌లో డిస్కుతో మాట్లాడే ఏటీఏపీఐ డ్రైవర్ పేరు మీద 9వ నంబరు నమోదులు ఉన్నాయి. గడువులోగా డిస్కు బదులు ఇవ్వలేదని వాటి అర్థం. అన్నిటి తేదీ 2002 జనవరి 1. కంప్యూటర్ కొన్నది 2004లో. ఆ ఒక్క తేదీన యంత్రం వందసార్లకు పైగా లేచినట్టూ ఉంది, ప్రతిసారీ అర్ధరాత్రి దాటిన కాసేపటికే.

బిల్లు తప్పా, లాగ్ తప్పా? లాగే తనకు వ్యతిరేకంగా సాక్ష్యం చెప్పింది. యంత్రం లేచిన ప్రతిసారీ 6009 నంబరుతో విండోస్ ఏ వెర్షనో నమోదవుతుంది. 2002 తేదీ వేసి ఉన్న ఆ వరుసల్లో సర్వీస్ ప్యాక్ 2 అని ఉంది. సర్వీస్ ప్యాక్ 2 విడుదలైంది 2004 ఆగస్టులో. రెండున్నరేళ్ల తర్వాత రావాల్సిన దాని పేరు 2002లో రాయడం కుదరదు. తేదీ అబద్ధం, బిల్లు నిజం.

అబద్ధం ఎక్కడిదో 2009 చీటీలో ఉంది: సెల్ ఒకటి. మదర్‌బోర్డు మీద ఉండే సీఆర్2032 అనే 3 వోల్టుల బిళ్ల సెల్, కరెంటు లేనప్పుడు గడియారాన్ని నడుపుతుంది. అది చచ్చిపోతే, ప్లగ్ స్విచ్ ఆపినప్పుడల్లా గడియారం బయాస్‌లో రాసిన తొలి తేదీకి వెళ్లిపోతుంది. రాత్రిపూట ప్లగ్ ఆపేయడం ఆ ఇంట్లో అలవాటు. అంటే 2002 జనవరి 1 ఒక రోజు కాదు. ఒకదాని మీద ఒకటి పేర్చిన నెలలు.

తేదీ పనికిరాకపోయినా వరుస పనికొస్తుంది. గడియారం ఏం చెప్పినా లాగ్‌లో నమోదులు రాసిన క్రమంలోనే ఉంటాయి. ఆ క్రమంలో చదివితే మొదట ఫార్మాట్ చేసిన రోజు, 2008. తర్వాత 2002, మళ్ళీ 2008, మళ్ళీ 2002. ఎవరో గడియారం సరిచేస్తూ వచ్చారు. ఆ పైన 2002 ఒక్కటే. సరిచేయడం ఆపేశారు. చివరి భాగమంతా 2009, 2010, సరైన తేదీలే. సెల్ మార్చాక నమోదైనవి అవి.

9వ నంబరు తప్పులన్నీ ఆ నడిమి భాగంలోనే ఉన్నాయి. ఫార్మాట్ నుంచి మొదటి తప్పు వరకు యంత్రం ఎన్నిసార్లు లేచిందో 6009 నమోదులు లెక్కపెడితే ఇరవై దాటింది. రోజుకొకసారి వేసే ఇంట్లో అది మూడు వారాలు. బాబాయి చెప్పిన 'కొన్ని వారాలు' కాగితం మీద నిలబడింది. కొత్త కేబుల్ వేశాక ఒక్క తప్పు కూడా లేదు. పాత కేబుల్ చెడిపోయిన మాట నిజం. మార్చినవాళ్లు సరైనదే మార్చారు.

అయినా వేగం రాలేదు. దీనికి కారణం ఎక్స్‌పీలోని ఒక నియమం. అది రాతపూర్వకంగా ప్రచురించినదే. ఆ ఏటీఏపీఐ డ్రైవర్, గడువు దాటడం, సీఆర్‌సీ లాంటి తప్పులు మొత్తం ఆరు కాగానే డీఎంఏ వేగాన్ని ఒక మెట్టు దించుతుంది. ఇంకా వస్తే ఇంకో మెట్టు. చివరి మెట్టు పీఐఓ. డేటా చెడిపోవడం కంటే నెమ్మదిగా రావడం మేలన్నది ఆ ఏర్పాటు, అది సబబే. కానీ దించిన మెట్టు రిజిస్ట్రీలో ఉండిపోతుంది. కేబుల్ మార్చిన సంగతి రిజిస్ట్రీకి తెలియదు.

ఇప్పుడు చీటీలు వరుసలో కూర్చుంటాయి. 2008లో ఫార్మాట్ ఆ రాతను చెరిపింది, కానీ చెడ్డ కేబుల్ అలాగే ఉంది. మూడు వారాల్లో మళ్ళీ పీఐఓ. 2009లో కేబుల్ మారింది, కానీ రాత అలాగే ఉంది. 2010 ర్యామ్‌కు ఇందులో పని లేదు. చేయాల్సిన రెండు పనులూ చేశారు, క్రమం తప్పింది. 2009 నుంచి ఆ యంత్రంలో ఏ లోపమూ లేదు.

డివైస్ మేనేజర్‌లో ప్రైమరీ ఐడీఈ ఛానల్‌ను అన్‌ఇన్‌స్టాల్ చేసి రీస్టార్ట్ చేశాను. ఎక్స్‌పీ దాన్ని మళ్ళీ కొత్తగా కనిపెట్టింది. కరెంట్ ట్రాన్స్‌ఫర్ మోడ్ అన్న చోట అల్ట్రా డీఎంఏ మోడ్ 5 వచ్చింది. మరుసటి రీస్టార్ట్‌కు నిమిషం లోపే డెస్క్‌టాప్ సిద్ధమైంది. పెద్ద ఫైళ్లు కాపీ చేసి 199వ అంశం మరోసారి చూశాను. అదే అంకె.

పిన్ని మాట మిగిలింది. 2008కి ముందటి లాగ్ ఫార్మాట్‌తో పోయింది. పాత కేబుల్ ఇంట్లో లేదు. 199వ అంశానికి తేదీలు ఉండవు. రైటర్ బిగించేటప్పుడు కేబుల్ నలిగిందని ఊహించవచ్చు, రాయడానికి ఆధారం లేదు. రైటర్ బిగించిన షాపు మీద ఈ కథనంలో ఏ ఆరోపణా లేదు.

ఇలాంటి పాత డీటీపీ కంప్యూటర్ మీ ఇంట్లో ఉంటే ఫార్మాట్ చేయించే ముందు ఫైళ్లు కాపీ చేసుకుని, ప్రైమరీ ఐడీఈ ఛానల్‌లో కరెంట్ ట్రాన్స్‌ఫర్ మోడ్ ఏముందో చూడండి. పీఐఓ అని ఉంటే ముందు కేబుల్ మార్చండి, ఆ తర్వాతే ఛానల్ తీసి మళ్ళీ పెట్టించండి. వరుస తిరగేస్తే కొన్ని వారాల్లో మళ్ళీ పాలు పొయ్యి మీద పెట్టుకోవాల్సి వస్తుంది.