పెనుకొండ మీద షేడ్ కార్డు

హిందూపురం నుంచి పొద్దున్నే బయల్దేరి లేపాక్షి చేరారనుకోండి. వీరభద్రాలయం మండపంలో తల పైకెత్తండి. 16వ శతాబ్దపు విజయనగర చిత్రకారుడు జేగురు, పసుపు, తెలుపు పరిచి, ప్రతి మనిషి చుట్టూ నల్లగీత గీశాడు. కప్పు అంత ఎత్తున ఉన్నా, ఆ గీత వల్లే బొమ్మ తేటగా కనిపిస్తోంది.

ఇప్పుడు పెనుకొండ కోట ఎక్కండి. ఏప్రిల్ ఎండకు బండలు కాలుతున్నాయి. చేతిలో షేడ్ కార్డు తెరవండి. రెండో ప్రపంచ యుద్ధంలో బ్రిటిష్ సైన్యం లారీలకు వేసిన రంగులివి. కింద బెంగళూరు రోడ్డు పక్కన, టార్పాలిన్ కప్పిన మూడు టన్నుల లారీ ఒకటి ఆగి ఉందనుకోండి. విమానంలో ఉన్నవాడి కంట పడకూడదు. ఏ రంగు వేస్తారు?

1939 నాటి ఖాకీ ఆకుపచ్చ ఇంగ్లండు పచ్చికకు సరి. ఈ ఎండిన గడ్డిలో ఇట్టే పట్టిస్తుంది. ఈజిప్టు, లిబియా ఎడారులకు వాడిన లేత రాతిరంగును బండకు ఆనించి చూడండి, దాదాపు కలిసిపోయింది. అదే లారీ పక్కనున్న ఎర్రదుక్కిలోకి దిగితే తెల్లగా బయటపడుతుంది. 1942 నాటి గోధుమరంగు దుక్కికి నయం. ఆకుపచ్చకు కావలసిన క్రోమియం ఆక్సైడు కరువై సైన్యం ఈ రంగుకు మారింది. 1944లో ఆలివ్ రంగు వచ్చింది. అమెరికా నుంచి దాదాపు అదే రంగుతో దిగే బండ్లకు తిరిగి రంగు వేసే పని తప్పింది.

రంగు కుదిరినా పని అయిపోలేదు. టార్పాలిన్ తిన్నని అంచు, చక్రాల కింది నల్లనీడ, అద్దం మీది తళుకు, మూడూ లారీ ఉందని చెప్పేస్తాయి. అందుకే క్యాబిన్ నుంచి గుడ్డకప్పు దాకా ఒకదాని మీదొకటి ఎక్కే నల్ల గుండ్రాలు వేసేవారు. సైనికులు వాటిని మిక్కీ మౌస్ చెవులన్నారు. గోనెపేలికలు కట్టిన వలను పక్కలకు లాగి నీడ అంచునూ చెరిపేవారు. లేపాక్షిలో ఆకారాన్ని నిలబెట్టిన నలుపు ఇక్కడ ఆకారాన్ని చెరుపుతోంది.

సాయంత్రానికి ధర్మవరం. మగ్గం మీద పడుగు ఒక రంగు, పేక ఇంకో రంగు. చీరను కాస్త వంచి చూడండి, వెలుగుతోపాటు రంగూ మారింది. తడిసి నల్లబడినా, ఎండకు వెలిసినా లారీ గుడ్డకు రంగు మారడం ప్రమాదం. ఇక్కడ అలా మారే రంగుకే ధర.